పది లెక్కపెట్టే వరకు: మిషన్ ట్రిప్‌కు స్మాల్ గ్రూప్ లీడర్లను తయారుచేసిన నా అనుభవం

ఫిబ్రవరి రెండో ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "అమ్మా, మే నెల ట్రిప్‌లో రాత్రిపూట స్మాల్ గ్రూపులు ఈసారి పిల్లలే నడిపిస్తే బాగుంటుంది. వాళ్లను తయారుచేసే బాధ్యత నువ్వు తీసుకుంటావా?" అన్నారు. సరేనన్నాను. పదేళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నదాన్ని, ఇదేమంత కష్టం కాదనుకున్నాను. ఆ రోజు మొదలుకొని ట్రిప్ ముగిసి అందరం మళ్లీ కూర్చునే వరకు దాదాపు నాలుగు నెలలు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రేపు ఈ పని మీ చేతికి వస్తే, నాకు ముందే తెలిసుంటే బాగుండేదనిపించినవి మీకైనా ముందే తెలుస్తాయి.

మా ఏర్పాటు ఇది. మిషన్ ట్రిప్ అంటే సంఘం తరఫున వేరే ఊరికి సేవకు వెళ్లడం. మాది ఏడు రోజులు. 24 మంది యవనస్థులు, తోడుగా ఐదుగురు పెద్దవాళ్లం. పగలంతా పని, పిల్లల కూడికలు, ఇళ్లకు వెళ్లి ప్రార్థించడం. రాత్రి భోజనాలయ్యాక ఆరుగురేసి చొప్పున నాలుగు గ్రూపులు. ఒక వాక్యభాగం చదివి, ఆ రోజు మనసులో మిగిలింది మాట్లాడుకుని, ఒకరికోసం ఒకరు ప్రార్థించుకోవాలి. ఒక్కో గ్రూపుకు ఇద్దరు లీడర్లు. బైబిల్లో ప్రభువైన యేసు మార్కు సువార్త 6లో పన్నెండుమంది శిష్యులను, లూకా 10లో డెబ్బైమందిని ఇద్దరిద్దరిగానే పంపాడు కాబట్టి మేమూ అలాగే అనుకున్నాం. ఆ "ఇద్దరిద్దరు" ఎంత అవసరమో, తర్వాత ఒక గ్రూపుకు ఒక్క లీడరే మిగిలినప్పుడు గాని నాకు తెలియలేదు.

ముందు నేనే ఎనిమిది పేర్లు రాసుకున్నాను. అందరూ బాగా మాట్లాడేవాళ్లు, పాటలు నడిపించేవాళ్లు, మైకు ముందు తడబడనివాళ్లు. ఆ కాగితం చూసి పాస్టర్ గారు ఒకటే అడిగారు: "వీళ్లలో బాగా వినేవాళ్లు ఎవరమ్మా?" నా దగ్గర జవాబు లేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను. తర్వాతి ఆదివారం యూత్ కూడికలో అందరికీ చెప్పాం. 13 మంది ముందుకొచ్చారు. ఒక్కొక్కరితో విడిగా అరగంట, ముప్పావుగంట కూర్చుని మాట్లాడాను. అందుకే రెండు వారాలకు పైగా పట్టింది. అందరినీ ఒక ప్రశ్న తప్పకుండా అడిగాను: "ఈ మధ్య ఎవరైనా నీ దగ్గర బాధ చెప్పుకున్నారా? నువ్వేం చేశావు?" ఎక్కువమంది తాము ఏం చెప్పారో, ఏ వాక్యం చూపించారో చెప్పారు. పద్దెనిమిదేళ్ల ఒక అమ్మాయి, నిజానికి ఫ్రెండుకు తోడుగా వచ్చింది, కాసేపు తల దించుకుని, "నేనేం చేయలేదక్కా. పక్కన కూర్చున్నానంతే" అంది. ఆ మాట నాకు నచ్చింది. కానీ అంత మెల్లగా మాట్లాడే పిల్ల గ్రూపును ఎలా నడిపిస్తుందోనని అనుమానం కూడా వచ్చింది. సగం మనసుతోనే ఆమె పేరు చేర్చాను.

ఎనిమిది మంది తేలారు. నేను మొదట రాసుకున్న పేర్లలో మిగిలినవి మూడే. ఎంపిక కాని ఐదుగురికి మాత్రం ఫోన్లో మెసేజ్ పెట్టాను. అది తప్పు. వాళ్లలో ఒకమ్మాయి నెలరోజులు యూత్ కూడికకే రాలేదు. "నేను పనికిరానని మెసేజ్‌లో చెప్పారు కదక్కా" అని తర్వాత అంది. నేనలా రాయలేదు. కానీ ఆ పిల్ల చదువుకున్నది అదే. కాదని చెప్పాల్సి వస్తే ఎదురుగా కూర్చుని చెప్పండి. ఎంత పని ఉన్నా సరే.

తల్లిదండ్రుల అనుమతి పత్రాలు ఒక వారంలో వచ్చేస్తాయనుకున్నాను. చివరిది చేతికి అందేసరికి 18 రోజులైంది. రెండు కుటుంబాలు మొదట ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లి, ఎక్కడ పడుకుంటారు, రాత్రి ఎవరు చూసుకుంటారు, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారు అని వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ కాగితం మీద జవాబు రాసిచ్చాక ఒప్పుకున్నారు. ఆ కాగితమే తర్వాత అన్ని కుటుంబాలకూ పంపించాం. ముందే రాసి పెట్టుకుంటే అంత తిరిగే పని ఉండేది కాదు.

ట్రైనింగ్ మార్చి మొదటి శనివారం మొదలైంది. ఉదయం పదింటికి, రెండు గంటలు. పది శనివారాలు అనుకుంటే చివరికి ఏడే దక్కాయి. పరీక్షలకు రెండు పోయాయి, ఈస్టర్ ముందు రోజు ఒకటి పోయింది. మీరు పది అనుకుంటే ఏడుకే సిలబస్ వేసుకోండి.

మొదటి శనివారం నేనే మాట్లాడాను. దాదాపు గంటన్నర. స్మాల్ గ్రూప్ ఎందుకు, లీడర్ ఎలా ఉండాలి, యౌవనాన్ని బట్టి ఎవరూ నిన్ను తృణీకరించకూడదన్న 1 తిమోతి 4:12, విన్నవాటిని ఇతరులకు నేర్పగలవాళ్లకు అప్పగించమన్న 2 తిమోతి 2:2, అన్నీ చెప్పాను. పిల్లలు శ్రద్ధగా నోట్స్ రాసుకున్నారు. నాకు తృప్తిగా అనిపించింది. ఆఖర్లో, గిటార్ వాయించే అబ్బాయిని, వాళ్లందరిలో పెద్దవాడు, 21 ఏళ్లు, "పది నిమిషాలు ఒక గ్రూపు నడిపించి చూపించు" అన్నాను. లేచి నిలబడి చక్కటి ప్రసంగం చేశాడు. గొంతు, ఉదాహరణలు, ముగింపు, అన్నీ కుదిరాయి. మిగతా ఏడుగురూ తలలూపుతూ విన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. నేను చప్పట్లు కొట్టించాను కూడా. ఇంటికి వెళ్తుంటే దారిలో అర్థమైంది: ఆ అబ్బాయి నా క్లాసునే తిరిగి అప్పజెప్పాడు. గంటన్నర వాళ్లు చూసింది అదే కదా. ఆ రాత్రి నిద్రపట్టక, రాసుకున్న ప్లానంతా పక్కన పెట్టేశాను.

రెండో శనివారం నేను మాట్లాడింది చాలా తక్కువ. మార్కు 4వ అధ్యాయం, 35 నుంచి 41 వచనాలు, తుపానును ప్రభువు గద్దించిన భాగం తీసుకున్నాం. ఇక్కడ ఒక చిన్న చిక్కు వచ్చింది, అది నేనసలు ఊహించలేదు. అందరి చేతిలో ఒకే బైబిల్ లేదు. కొందరి దగ్గర పాత అనువాదం, కొందరి ఫోన్లలో వాడుక తెలుగు, ఇద్దరి దగ్గర ఇంగ్లిష్. ఒకరు "దోనె" అని చదివితే ఇంకొకరు "పడవ" అంటారు. "అమరము" అంటే ఏంటో ఎవరికీ తెలియదు. పడవ వెనక భాగమని చెప్పుకుని, మళ్లీ మొదటి నుంచి చదివేసరికి పది నిమిషాలు గడిచాయి. అప్పటినుంచి ఏ భాగమైనా ఒకే అనువాదంలో ప్రింటు తీసి అందరికీ ఇచ్చాను. ఆ పని చేశాక చర్చ మాటల అర్థాల దగ్గర ఆగిపోవడం తగ్గింది.

ప్రశ్నలు ఎలా వేయాలో ఆ రోజే నేర్చుకున్నాం. "శిష్యులు భయపడ్డారా?" అని ఒకరు అడిగారు. అవునన్నారు. అయిపోయింది. "మనం భయపడొచ్చా?" కూడదన్నారు. అదీ అయిపోయింది. అవునో కాదో చెప్పి తప్పించుకోగల ప్రశ్న, జవాబు ముందే తెలిసిన ప్రశ్న, రెండూ గ్రూపును మూయించేస్తాయని వాళ్లకే తెలిసొచ్చింది. తర్వాత ఒక్కొక్కరు ఐదేసి ప్రశ్నలు రాసి, వాటిలో నాలుగు కొట్టేయాలని చెప్పాను. మెల్లగా మాట్లాడే ఆ అమ్మాయి మిగుల్చుకున్న ప్రశ్న ఇది: "ఆయన వెంబడి వేరే దోనెలు కూడా ఉన్నాయని 36వ వచనంలో ఉంది. వాటిలో ప్రభువు లేడు కదా. ఆ దోనెల్లోవాళ్ల సంగతేంటి?" నేను ఆ భాగాన్ని ఎన్నిసార్లు పాఠంగా చెప్పానో లెక్కలేదు. ఆ మాట మీద నా కన్ను ఒక్కసారీ ఆగలేదు. ఆ ప్రశ్న మీద పిల్లలు ముప్పావుగంట మాట్లాడారు. గాలి ఆగినప్పుడు ఆ దోనెలకూ ఆగే ఉంటుంది, ఎవరు ఆపారో వాళ్లకు తెలిసిందా లేదా అని ఒకరు, మన ఇంట్లో రక్షణ లేనివాళ్లు, అంటే ఇంకా ప్రభువును నమ్మనివాళ్లు, ఆ దోనెల్లోవాళ్లే కదా అని ఇంకొకరు. నేను నోరు మెదపలేదు.

మూడో శనివారమంతా మౌనానికే ఇచ్చాను. మా సంఘంలో స్కూల్ టీచరుగా పనిచేసే ఒకాయన వచ్చి, అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసుల్లో గమనించిన సంగతి చెప్పారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారట. ఆ ఆగడం మూడు సెకన్లకు పెరిగితేనే పిల్లల జవాబులు పొడవవుతాయి, అంతవరకూ మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడతారు. మేమూ చేసి చూశాం. ప్రశ్న వేసిన లీడర్ చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల మీద పది లెక్కపెట్టాలి. ఆలోగా మాట్లాడకూడదు, ప్రశ్నను తిప్పి వేయకూడదు, నవ్వకూడదు. మొదటిసారి ఎవరూ నాలుగు దాటలేదు. గిటార్ అబ్బాయి రెండుకే "అంటే నా ఉద్దేశం ఏంటంటే" అని మొదలుపెట్టేశాడు. ఆ మౌనంలో వాళ్ల ముఖాలు చూస్తుంటే నాకే గుండె దడగా ఉండేది. పదిలోపు ఎవరైనా మాట్లాడితే బాగుండుననిపించేది. ఆ గంటలో చివరికి ఏడుగురు పది దాకా వెళ్లారు.

నాలుగోవారం చీటీలు వేసి నటించాం. ఒకరు అదేపనిగా మాట్లాడేవాళ్లు, ఒకరు అసలు మాట్లాడనివాళ్లు, ఒకరు ప్రతిదానికీ వాదించేవాళ్లు, ఒకరు ఏడ్చేవాళ్లు. ఏడ్చే చీటీ వచ్చిన అమ్మాయి రెండు నిమిషాలు నటించి, తర్వాత నిజంగానే ఏడ్చేసింది. ఇంట్లో తన మీద పడ్డ ఒక బరువు గురించి అంతవరకూ ఎవరికీ చెప్పలేదట. క్లాసు అక్కడితో ఆపేశాం. లీడర్ పాత్రలో ఉన్న అబ్బాయి ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. నేనూ ఏమీ చెప్పలేకపోయాను. అందరం ఆమె చుట్టూ కూర్చున్నాం, ప్రార్థించాం, ఆ రోజుకు అంతే. చీటీల పద్ధతి మంచిదే. కానీ చీటీ వేసే ముందు "ఇది నాకొద్దు" అనే వీలు అందరికీ ఇవ్వండి.

దాని వెంటనే రహస్యాల మాట వచ్చింది. నేను తయారుచేసిన కాగితంలో "గ్రూపులో చెప్పిన మాట ఎవరికీ చెప్పం" అని ఉంది. మా సంఘంలో నర్సుగా పనిచేసే ఒక అక్క దాన్ని చూసి పెన్నుతో ఆ లైను కొట్టేసింది. "ఈ మాట ఇవ్వకూడదు. ఎవరైనా ఆ పిల్లల్ని కొడుతున్నారనో, తాకుతున్నారనో, బతకాలని లేదనో చెబితే నువ్వు దాచిపెడతావా?" అంది. కూర్చుని కొత్తగా రాశాం: ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది. ఒక ప్రాణానికో శరీరానికో హాని ఉన్న మాటైతే మాత్రం బాధ్యత ఉన్న పెద్దవాళ్లకు చెబుతాం, చెప్పబోతున్నామని ముందు ఆ వ్యక్తికే చెబుతాం. ప్రతి గ్రూపూ మొదటి రాత్రి ఇది పైకి చదవాలని నియమం పెట్టాం. లీడర్లు ఎవరితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది రెండో నియమం. ఇవి చెబుతుంటే పిల్లలు కాస్త భయపడ్డారు. అయినా ఆ రెండు లైన్లు ఎంత అవసరమో ట్రిప్‌లో ఆరో రాత్రి చూశాను.

ఐదోవారం నా వల్ల ఒకటి చెడింది. సంఘంలోని చిన్నపిల్లలను కూర్చోబెట్టి నిజమైన గ్రూపులు నడిపించాం. గిటార్ అబ్బాయి మళ్లీ ప్రసంగంలోకి వెళ్లిపోయాడు. మెల్లగా మాట్లాడే అమ్మాయి అతని జంట. ఆమెకు మాట్లాడే సందే దొరకలేదు. నేను అందరి ముందే, "నువ్వు వినడం నేర్చుకోకపోతే ఈ పని నీది కాదు" అన్నాను. అతను ఏమీ అనలేదు. గిటార్ సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి శనివారం రాలేదు. మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు ఇంటికెళ్లాను. "మొదటి వారం చప్పట్లు కొట్టించింది మీరే కదక్కా. ఐదోవారానికి అదే తప్పైపోయిందా?" అన్నాడు. నిజమే. క్షమించమని అడిగాను. క్షమించాడు, కానీ లీడరుగా మాత్రం రానన్నాడు.

ఆ వారమంతా నాకు యోహాను మార్కే గుర్తొచ్చాడు. అపొస్తలుల కార్యములు 13:13లో, సువార్త ప్రయాణంలో పౌలును, బర్నబాను మధ్యలో విడిచి తిరిగి వెళ్లిపోయినవాడు. అతన్ని మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అని 15వ అధ్యాయంలో పౌలు, బర్నబా విడిపోయేంత వాదన జరిగింది. అదే పౌలు తన ఆఖరి పత్రికలో, 2 తిమోతి 4:11లో, మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను తనకు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని రాశాడు. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో, ఎవరు ఎవరితో మాట్లాడారో వాక్యంలో లేదు. నాకు దొరికిన ఓదార్పు అదొక్కటే. అతని చోట కొత్తవాళ్లను పెట్టడానికి టైం లేదు. ఆ అమ్మాయి ఒంటరి లీడర్ అయింది. రెండు వారాల తర్వాత తనే వెళ్లి, "అన్నయ్యా, లీడరుగా వద్దులే. నా గ్రూపులో సభ్యుడిగా ఉంటావా?" అని అడిగిందట. నాకు చెప్పకుండానే అడిగింది. అతను వచ్చాడు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ట్రిప్ మొత్తం బడ్జెట్‌లో ట్రైనింగ్‌కు వేరే లైనే లేదు. ప్రింట్లు, నోటుపుస్తకాలు, పెన్నులు, శనివారాల టిఫిను, దూరం నుంచి వచ్చే ఇద్దరి రానుపోను ఖర్చు, ఇవన్నీ కలిపితే నేను మనసులో అనుకున్న దానికి రెండింతలైంది. ప్రయాణం, బస పక్కన పెడితే అది చిన్న మొత్తమే. కానీ లైను లేకపోవడంతో కమిటీని మూడుసార్లు అడగాల్సి వచ్చింది. డబ్బుకన్నా ఎక్కువ పోయింది టైం. రెండు గంటల క్లాసుకు నాకు నాలుగు గంటల తయారీ, పైన వారంలో కనీసం ముగ్గురితో ఫోన్లు. ఉద్యోగం చేస్తూ ఇంకొకరి సాయం లేకుండా ఇది ఒప్పుకోవద్దు.

మే మూడోవారం బయల్దేరాం. మొదటి రోజు ప్రయాణం ఐదు గంటలు ఆలస్యమైంది. గ్రూపులు మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. పిల్లల కళ్లు మూతలు పడుతున్నాయి. లీడర్లు మాత్రం కాగితం మీద ఉన్న ఐదు ప్రశ్నలూ పూర్తిచేయాలని పట్టుబట్టారు. రెండు గ్రూపులు పదకొండు ఇరవైకి ముగిశాయి. మర్నాడు పొద్దున్నే గొడవలు, కన్నీళ్లు, పనిలో విసుగు. తప్పు వాళ్లది కాదు. ట్రైనింగంతా ఉదయం పదింటికి, కడుపునిండా తిని, చక్కగా నిద్రపోయి వచ్చిన పిల్లలతో చేశాం. అసలు పని మాత్రం రాత్రి, అలసిపోయిన ఒంటితో. ఒక్క శనివారమైనా పగలంతా ఒళ్లు వంచి పనిచేయించి, రాత్రి తొమ్మిదింటికి ప్రాక్టీసు పెట్టి ఉండాల్సింది.

రెండో రోజు మధ్యాహ్నం లీడర్లను కూర్చోబెట్టి 1 రాజులు 19 చదివాం. ఏలీయా ప్రవక్త ప్రాణం మీద విసిగి చెట్టుకింద పడుకుంటే దూత వచ్చి మందలించలేదు. రెండుసార్లు తట్టి లేపి భోజనం పెట్టాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. "ఏలీయా, ఇక్కడేం చేస్తున్నావు" అన్న ప్రశ్న ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఆ రోజు నుంచి గ్రూపు 25 నిమిషాలే, ప్రశ్న ఒకటే. లీడర్ల ముఖాల్లో తేలికదనం కనిపించింది.

మూడో రాత్రి నేను ఒక్కో గ్రూపులో ఐదేసి నిమిషాలు కూర్చుంటూ తిరిగాను. సాయం చేస్తున్నాననుకున్నాను. నేను కూర్చోగానే అందరి చూపులూ నా వైపే తిరుగుతున్నాయి. లీడర్ ప్రశ్న వేస్తే జవాబు నాకు చెబుతున్నారు. పడుకోబోయే ముందు ఒక లీడర్ వచ్చి, "అక్కా, ఏమనుకోకండి. మీరు వస్తే మా గ్రూపు మళ్లీ క్లాసు అయిపోతోంది" అన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పు చెప్పే మోషేతో మామ యిత్రో "నువ్వు చేస్తున్న పని మంచిది కాదు" అన్నాడు కదా, నిర్గమకాండం 18లో. యిత్రో పెద్దవాడు. నాకు ఆ మాట చెప్పింది పందొమ్మిదేళ్ల పిల్లాడు. అంత ధైర్యంగా, అంత మర్యాదగా చెప్పినందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. కానీ ఆ రాత్రి కాస్త ఏడ్చాను కూడా.

నాలుగో రాత్రి నుంచి బయట మెట్ల మీద కూర్చున్నాను. ఈ నాలుగు నెలల్లో నాకు అన్నిటికన్నా కష్టమైన పని అదే. లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఒక గదిలోంచి నవ్వులు వినిపించేవి, ఇంకోచోట పాట. ఒంటరి లీడర్ అమ్మాయి గదిలోంచి మాత్రం ఏమీ వినిపించేది కాదు. లేచి వెళ్లాలని ఎన్నిసార్లు అనిపించిందో. ఒళ్లో చేతులు పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పది అయ్యాక మళ్లీ ఒకటి.

ఆ రోజే ఇంకోటి జరిగింది. ఆ ఊరి సంఘం యవనస్థులు ఇరవై మంది తామూ గ్రూపుల్లో కూర్చుంటామని వచ్చారు. ఆరుగురి గ్రూపు ఒక్కసారిగా పదకొండు అయింది. నేను ఏమీ చెప్పకముందే లీడర్లు పెద్ద వలయాలను ముగ్గురేసి, నలుగురేసి విడగొట్టి, ఆఖరి ఐదు నిమిషాలకు మళ్లీ కలిపారు. దీన్ని మేం ఏ శనివారమూ నేర్పలేదు.

ఐదో రాత్రి ఆ నిశ్శబ్దపు గదిలో జరిగింది నాకు తర్వాత తెలిసింది, వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఒకబ్బాయి, "నేను ప్రార్థిస్తే గోడతో మాట్లాడుతున్నట్టే ఉంది. ఇక్కడ పిల్లలకు దేవుడు వింటాడని చెబుతున్నాను, నాకే నమ్మకం లేదు" అన్నాడట. ఆ అమ్మాయి వాక్యం తీయలేదు, జవాబు చెప్పలేదు. వేళ్ల మీద పది అయ్యాయి, మళ్లీ పది అయ్యాయి. అప్పుడు గిటార్ అబ్బాయి మాట్లాడాడు. ప్రసంగం చేయలేదు. "నాక్కూడా మార్చి నుంచి అలాగే ఉంది" అన్నాడట, అంతే. ఆ తర్వాత మిగతావాళ్లు ఒక్కొక్కరుగా నోరు విప్పారు. ఆ గ్రూపు ఆ రాత్రి 25 నిమిషాలకు ఆగలేదు. నేను ఆపమని చెప్పలేదు.

ఆరో రాత్రి సంగతి వివరంగా రాయను. ఒక గ్రూపులో ఒకరు చెప్పిన మాట విని ఇద్దరు లీడర్లూ, "ఇది మేం పెద్దవాళ్లకు చెప్పాలి, నీతో కలిసే వస్తాం" అని చెప్పి, ముగ్గురూ కలిసే నా దగ్గరికి, నర్సు అక్క దగ్గరికి వచ్చారు. ఏం చేయాలో అది చేశాం, ఇంకా చేస్తున్నాం. నర్సు అక్క ఆ లైను కొట్టేయకపోయి ఉంటే ఆ ఇద్దరు పిల్లలు ఇచ్చిన మాటకు కట్టుబడి నోరు మూసుకుని ఉండేవాళ్లేమో. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తిరిగొచ్చాక చేసిన పెద్ద పొరపాటు, వెంటనే కూర్చోకపోవడం. అందరూ అలసిపోయారని తొమ్మిది రోజులు ఆగాం. ఆలోగా ముగ్గురు లీడర్లు బాగా కుంగిపోయారు. విన్న బాధలన్నీ మోసుకుని ఇంటికొచ్చారు, ఎవరికీ చెప్పకూడదు కదా అని లోపలే పెట్టుకున్నారు. మార్కు 6:30, 31లో పంపబడినవాళ్లు తిరిగొచ్చి చేసినవీ బోధించినవీ అన్నీ ప్రభువుకు చెప్పారు. ఆయన వాళ్లను ఏకాంత స్థలానికి పిలిచి కొంచెంసేపు విశ్రాంతి తీసుకోమన్నాడు. పంపడం వరకే చదివి, తిరిగి రావడం చదవలేదు నేను. మూడు రోజుల్లోపు ఒక పూట కేటాయించండి. లీడర్లు మాట్లాడాలి, మీరు వినాలి.

జూన్, జూలైలలో నాలుగు గ్రూపుల్లో మూడు వారం వారం కలుస్తూనే ఉన్నాయి. ఒక గ్రూపు మాత్రం రెండు వారాలకే ఆగిపోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ మొదలవలేదు.

ఆగస్టు మొదటి శనివారం వచ్చే ట్రిప్‌కు కొత్త లీడర్ల ట్రైనింగ్ మొదలుపెట్టాం. ఈసారి ఫిబ్రవరి దాకా ఆగలేదు. మొదటి క్లాసు ఆ అమ్మాయిని తీసుకోమన్నాను. నేను ఆఖరి వరుసలో కూర్చున్నాను. పక్కన గిటార్ అబ్బాయి, ఈసారి కొత్తగా పేరిచ్చిన పదిమందిలో ఒకడు. ఆమె మార్కు 4 కాగితాలు పంచింది, చదివించింది, తల దించుకునే మెల్లగా అడిగింది: "ఆ వేరే దోనెల్లోవాళ్ల సంగతేంటి?" ఎవరూ మాట్లాడలేదు. నోటుపుస్తకం కింద ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా మడుచుకోవడం నాకు కనిపిస్తోంది. నేనూ ఆమెతో పాటే లెక్కపెడుతున్నాను. ఏడు దగ్గర ముందు వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు.